నర్సు చదువు, డాక్టరు చదువు: ఏది కష్టం?

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో పంచాంగం చదవాలి, పచ్చడి గురించి చెప్పాలి. ఆ రెండు పనులూ మాకంటే బాగా చేయగలవారు ఇక్కడ ఉన్నారు. కార్యవర్గం వారు మమ్మల్ని పిల్లల చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మాది సాయంకాలపు బడిలో నేర్చుకున్న తెలుగు. మాటలో తప్పుంటే మన్నించండి. విషయంలో తప్పుంటే మాత్రం మన్నించకుండా నిలదీయండి.

పోయిన నెలలో ఒకనాడు తెలుగు తరగతి ముగిసిన తరువాత ఒక అమ్మాయి ఆగింది. ఈ ఏడు మెట్రిక్ రాస్తున్నది. "మాష్టారూ, నర్సు చదువు కష్టమా, డాక్టరు చదువు కష్టమా?" అని అడిగింది. ఎందుకమ్మా అన్నాము. "నాకు నర్సింగు ఇష్టం. మార్కులు రానివాళ్ళు కదా దానికి పోయేది అంటున్నారు ఇంట్లో" అన్నది.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఆ మాటను ఈ ఊరి ఇళ్ళలో నాటినవారిలో మేమూ ఉన్నాము. బడిపంతులుగా పనిచేసిన ముప్పై అయిదేళ్ళలో ఎందరికో అదే చెప్పాము. ఆ బాకీ కొంతైనా తీర్చుకోవాలని ఈ విషయం ఎంచుకున్నాము.

ముందుగా మన చరిత్ర కొంచెం చూడాలి. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. ఆ ఓడతో మొదలై ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు వచ్చిన ఓడలలో మన ముత్తాతలు, తాతలు నెటాల్ చెరుకు తోటలకు ఒప్పంద కూలీలుగా వచ్చారు. 1899లో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీగారు భారతీయుల అంబులెన్సు దళాన్ని ఏర్పరచారు. సుమారు 1,100 మంది చేరారు. వారిలో దాదాపు 800 మంది తోటల నుండి వచ్చిన ఒప్పంద కూలీలే. సెయింట్ ఎయిడన్స్ మిషన్ డాక్టరు బూత్ గారు వారికి గాయపడినవారిని చూసుకొనే పని నేర్పారు. 1900 జనవరిలో స్పియాన్ కాప్ యుద్ధంలో గాయపడినవారిని డోలీల మీద మోశారు. కొన్ని రోజులు ఇరవై మైళ్ళకు పైగా నడిచారు. అంటే ఈ దేశంలో మన భారతీయులు పేరు పొందిన మొదటి రోగి సేవ మగవారు చేసిన సేవ. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాము.

ఇక డాక్టర్ల సంగతి. మన పిల్లలు చదవడానికి ఇక్కడ వైద్య కళాశాల లేని రోజులలో ఎడింబరోకో, డబ్లిన్‌కో, ఇండియాకో ఓడ ఎక్కవలసి వచ్చేది. డాక్టర్ గూనమ్ గారు అలాగే ఎడింబరోలో చదివి 1936లో డర్బన్ తిరిగి వచ్చి వైద్యం మొదలుపెట్టారు. ఆమె పూర్తి పేరు కేశవేలు గూనరత్నం నాయుడు. తరువాత ఎప్పుడో 1991లో తన జీవిత చరిత్రకు ఆమె పెట్టుకొన్న పేరు 'కూలీ డాక్టర్'. డర్బన్‌లో నల్లవారికి, భారతీయులకు, కలర్డ్ వారికి వైద్య కళాశాల 1951లో మాత్రమే తెరిచారు. ఇప్పుడు దానికి నెల్సన్ మండేలా గారి పేరు. మన పెద్దలు డాక్టరు చదువును ఎందుకు అంత ఎత్తున పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. పేరు ముందు డాక్టరు అని ఉంటే ఆ మనిషిని కూలీ అని పిలవడానికి నోరు రాదని వారి ఆశ. ఆ ఆశను మేము తప్పుపట్టము.

నర్సు చదువు మాత్రం ఇంకో కంట చూశారు. పరాయివారి ఒళ్ళు తాకాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రి డ్యూటీ చేయాలి, నర్సుల హాస్టలులో ఉండాలి. రాత్రిపూట బయట ఉండే పిల్లకు సంబంధం ఎలా కుదురుతుంది అని మా అవ్వ అనడం మేము చెవులారా విన్నాము. ఆ కాలంలో ఇల్లు ఎదిరించి నర్సింగుకు పోయిన ఆడపిల్లలు అక్కడ ఇంకో గోడను ఎదుర్కొన్నారు. 1957 నాటి నర్సింగు చట్టం నర్సుల రిజిస్టర్లను జాతుల వారీగా విడదీసింది. నర్సింగు కౌన్సిలులో తెల్లవారికే చోటు ఇచ్చింది. ఒకే పనికి జాతిని బట్టి జీతం మారేది. అయినా వారు నిలిచారు.

ఇంకొక మాట. ప్రపంచంలో మొట్టమొదట నర్సులను ప్రభుత్వ చట్టం కింద రిజిస్టరు చేసినది 1891లో మన దేశపు కేప్ కాలనీలోనే. కింబర్లీలో పనిచేసిన సిస్టర్ హెన్రియెట్టా స్టాక్‌డేల్ గారి పట్టుదల దాని వెనుక ఉన్నది. 1908లో సెసీలియా మకివానే గారు పరీక్ష ప్యాసై రిజిస్టరైన మొదటి నల్లజాతి నర్సు అయ్యారు. ఎవరికి పడితే వారికి దొరికే పని అయితే దానికి చట్టమెందుకు, పరీక్ష ఎందుకు, రిజిస్టరు ఎందుకు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాము. పిల్లలూ, లెక్కలు చెబుతాము, శ్రద్ధగా వినండి.

డాక్టరు చదువు డర్బన్‌లో ఆరు సంవత్సరాలు. ఆ తరువాత రెండేళ్ళు ఇంటర్ను పని, ఆపైన ఒక ఏడు సమాజ సేవ. అంటే మెట్రిక్ తరువాత తొమ్మిదేళ్ళు. సర్జనో, పిల్లల డాక్టరో కావాలంటే మళ్ళీ నాలుగైదేళ్ళు. చేరడమే మొదటి కష్టం. వేల దరఖాస్తులు వస్తాయి, సీట్లు వందలలో ఉంటాయి. చేరిన తరువాత జ్ఞాపకశక్తికి కష్టం. ఎముకలు, నరాలు, రక్తనాళాలు, మందులు, సూక్ష్మజీవులు, వేల పేర్లు.

అంతకంటే పెద్ద కష్టం ఒకటుంది. రోగి వచ్చి "కడుపు నొప్పి" అంటాడు. అది అజీర్ణం కావచ్చు, అపెండిక్స్ కావచ్చు, పిత్తాశయంలో రాయి కావచ్చు, ఒక్కొక్కప్పుడు గుండెపోటు కూడా కడుపు నొప్పిలాగే మొదలవుతుంది. వీటిలో ఏదో తేల్చి, కాగితం మీద సంతకం చేయాలి. పొరపాటైతే ఆ సంతకం తనది. ఇంటర్ను అయిన తరువాత ఇరవై నాలుగు గంటలు దాటి డ్యూటీలో ఉండి కూడా ఆ నిర్ణయం సరిగా చేయాలి. డాక్టరు చదువు సులువని ఎవరైనా అంటే నమ్మకండి.

నర్సు చదువుకు ఇప్పుడు రెండు దారులున్నాయి. మూడేళ్ళ డిప్లొమా చేస్తే జనరల్ నర్సు. నాలుగేళ్ళ డిగ్రీ చేస్తే నర్సు, మిడ్‌వైఫ్ రెండూ. డిగ్రీ తరువాత వీరికీ ఒక ఏడు సమాజ సేవ ఉంది. ఆ పైన ఇంటెన్సివ్ కేర్, మానసిక ఆరోగ్యం, పిల్లల నర్సింగు, ఇలా ఒక్కొక్క దానికి మళ్ళీ చదువు. ఇక్కడా సీట్లకంటే దరఖాస్తులు చాలా ఎక్కువ.

ఏళ్ళు తక్కువ కాబట్టి సులువు అనుకుంటాము. అక్కడే మా లెక్క తప్పింది. 1985 నాటి నిబంధనల కింద నడిచిన నాలుగేళ్ళ కోర్సులో విద్యార్థి కనీసం 4,000 గంటలు వార్డులలోను, క్లినిక్కులలోను పనిచేయాలి. దానిలో కొత్త చేరికలు 2019తో ఆగిపోయాయి కాని, ఈనాడు మన ఆస్పత్రులలో ఉన్న సిస్టర్లలో చాలామంది ఆ కోర్సు చదివినవారే. ఆ 4,000 గంటలను పన్నెండు గంటల డ్యూటీలుగా భాగించండి. మూడు వందల ముప్పై మూడు డ్యూటీలు వస్తాయి. ఉదయం ఏడు నుండి సాయంత్రం ఏడు వరకు, లేదా రాత్రంతా. ఇది కాక తరగతులు, పరీక్షలు. పరీక్షలో నూటికి తొంభై వచ్చినా వార్డు గంటలు పూర్తి కాకపోతే ముందుకు పోలేరు. చేసిన ప్రతి పని ఒక పుస్తకంలో రాసి, చూసిన సిస్టరు చేత సంతకం పెట్టించాలి. వైద్య విద్యార్థి కూడా వార్డుకు పోతాడు. కాని అతను మొదటి ఏళ్ళలో ఎక్కువగా చూసి నేర్చుకుంటాడు. నర్సు విద్యార్థి పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళకే, మొదటి ఏడాదిలోనే రోగి పక్కమీద చేయి వేయాలి. మరణాన్ని కూడా అప్పుడే చూస్తుంది.

లెక్కలు రానివారికి నర్సింగు అనే మాట కూడా మేము అన్నాము. దాని సంగతి వినండి. ఒక రోగికి లీటరు సెలైను ఎనిమిది గంటలలో ఎక్కించాలి. గొట్టంలో మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు పడతాయి. నిమిషానికి ఎన్ని చుక్కలు? వెయ్యిని ఇరవైతో గుణించి నాలుగు వందల ఎనభైతో భాగించాలి. సుమారు 42. ఇంకొకటి. పన్నెండు కిలోల బిడ్డకు జ్వరం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ ఇవ్వమన్నారు. సీసాలో అయిదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉన్నది. బిడ్డకు 180 మిల్లీగ్రాములు కావాలి, అంటే ఏడున్నర మిల్లీలీటర్లు. దశాంశ బిందువు ఒక్క చోటు జరిగితే డెబ్బై అయిదు. మా తరగతిలో బిందువు తప్పు పెట్టి పద్ధతి సరిగా చూపించిన పిల్లవాడికి అయిదు మార్కులకు నాలుగు ఇచ్చేవాళ్ళము. వార్డులో అయిదుకు నాలుగు అనేది లేదు. అందుకే మందుల లెక్కలలో పాఠశాలలో అడిగే మార్కులకంటే చాలా ఎక్కువ అడుగుతారు. లెక్క ఆరవ తరగతిదే. కాని తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఇద్దరు రోగులు పిలుస్తుండగా, దానిని తప్పు లేకుండా చేయాలి.

బాధ్యత కూడా ఇప్పుడు పెరిగింది. మన దేశంలో మామూలు కాన్పులు ఎక్కువగా మిడ్‌వైఫ్‌ల చేతుల మీదుగానే జరుగుతాయి. పల్లె క్లినిక్కులో రోగిని పరీక్షించి మందు రాసేది చాలాసార్లు నర్సే. 2010 నుండి హెచ్‌ఐవి రోగులకు మందులు మొదలుపెట్టే పనిని శిక్షణ పొందిన నర్సులకు అప్పగించారు. ప్రపంచంలోనే అతి పెద్దదైన ఆ చికిత్సా కార్యక్రమం మన దేశంలో నడుస్తున్నదంటే నర్సుల భుజాల మీదనే నడుస్తున్నది.

ఇక మా తప్పుల సంగతి చెప్పాలి. పేర్లు చెప్పము.

మొదటిది ఒక అమ్మాయి సంగతి. సైన్సులో మార్కులు అంతంత మాత్రం. ఏం చేయాలని వాళ్ళ అమ్మ అడిగితే "నర్సింగుకు పంపండి, సులువుగా గట్టెక్కుతుంది" అన్నాము. ఎనిమిది నెలలకు ఆ పిల్ల మానుకొని ఇంటికి వచ్చింది. దారిలో కనిపించి, కోపం లేకుండానే, "సులువని చెప్పారు కదా మాష్టారూ" అన్నది. అంతే. ఆమెకు నర్సింగు మీద ఇష్టముందా అని మేము ఒక్కసారి కూడా అడగలేదు.

రెండవది ఒక అబ్బాయి సంగతి. లెక్కలలో తరగతికి మొదటివాడు. మంచం పట్టిన తాతను రెండేళ్ళు చూసుకున్నాడు. స్నానం చేయించడం, పక్క మార్చడం, పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి అటూ ఇటూ తిప్పడం అన్నీ వాడే. నర్సింగు చదువుతానన్నాడు. "మగపిల్లవాడివి, ఇన్ని మార్కులు పెట్టుకొని నర్సింగేమిట్రా" అని నవ్వాము. తరగతి అంతా నవ్వింది. ఆ ఏడాదే అంబులెన్సు దళం పాఠం చెప్పినది కూడా మేమే. డోలీలు మోసిన మగవారిని పొగిడిన నోటితోనే ఆ మాట అన్నాము. వాడు అకౌంట్లు చదివాడు, మంచి ఉద్యోగంలో ఉన్నాడు. దిగులుపడే మనిషి కాదు. అయినా ఆ వీధిలో ఎవరికైనా అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే మొదట తట్టేది ఇప్పటికీ వాడి తలుపే.

మా కళ్ళు తెరిపించినది మా అమ్మ జబ్బు. పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ తరువాత మనసు నిలకడ లేక, తనకు వచ్చిన ఇంగ్లీషు మరచిపోయి తెలుగులోనే మాట్లాడేది. ఆ వార్డులో తెలుగు తెలిసినవారు లేరు. ఒక జూలూ అమ్మాయి, రెండవ సంవత్సరం నర్సు విద్యార్థిని, మమ్మల్ని అడిగి "నీళ్ళు", "నొప్పి", "చాలు" అనే మూడు మాటలు తన అక్షరాలలో చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నది. మా సాయంకాలపు బడిలో అంత శ్రద్ధగా రాసుకొనే పిల్లలు తక్కువ.

మూడవ రాత్రి మేము పక్కన కూర్చొని ఉన్నాము. వేలికి తగిలించిన యంత్రంలో అంకె బాగానే ఉన్నది. అమ్మ నిద్రపోతున్నదనుకున్నాము. ఆ అమ్మాయి వచ్చి, గడియారం చూస్తూ, అమ్మ రొమ్ము లేచి పడటాన్ని నిండుగా ఒక నిమిషం లెక్కపెట్టింది. మళ్ళీ ఇంకో నిమిషం లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. సాయంత్రం పద్దెనిమిది ఉన్నదట. వెంటనే సిస్టరును పిలిచింది. సిస్టరు డాక్టరుకు ఫోను చేసింది. ఆయన ఇంకో వార్డులో ఉన్నారు. పావుగంట చూసి మళ్ళీ చేసింది.

డాక్టరు కుర్రవాడే. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కాని వచ్చిన తరువాత ఆయన తొందరపడలేదు. విన్నారు, కాలు నొక్కి చూశారు, పరీక్షలు రాశారు, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డ అని అనుమానించి ఆ రాత్రే మందు మొదలుపెట్టించారు. ఆ అనుమానం నిజమే. అమ్మ ఆ తరువాత నాలుగు ఉగాదులు చూసింది.

ఆ రాత్రి ఎవరి చదువు గొప్పది? ఆ అమ్మాయి లెక్కపెట్టకపోతే డాక్టరు తెల్లవారి రౌండుకు గాని వచ్చేవారు కారు. ఆయనకు ఆ గడ్డ సంగతి తెలియకపోతే ఆమె లెక్కపెట్టి లాభం లేదు. ఆయన నేర్చుకున్నది ఈ జబ్బు ఏమిటని. ఆమె నేర్చుకున్నది ఈ మనిషిలో సాయంత్రానికీ ఇప్పటికీ ఏమి మారిందని. ఒకటి రెండవ దానిలో సగం కాదు. నర్సు అంటే సగంలో ఆగిన డాక్టరు కాదు. అవి రెండు వేరు వేరు చదువులు, వేరు వేరు కష్టాలు. చేరడం, గుర్తుపెట్టుకోవడం, తేల్చి చెప్పడం, ఏళ్ళ తరబడి ఓపిక పట్టడం, ఇవి డాక్టరు చదువులో ఎక్కువ కష్టం. చిన్న వయసులోనే రోగి పక్కన నిలవడం, పని చేస్తూనే చదవడం, పన్నెండు గంటలూ కన్ను వేసి ఉంచడం, ఇవి నర్సు చదువులో ఎక్కువ కష్టం. తనకు తగని కష్టంలోకి పోయిన పిల్లకు ఏ చదువైనా కష్టమే.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి. మార్కుల కాగితం చూసి, పైన డాక్టరు, కింద నర్సు అని గీత గీయకండి. పిల్లను ఒక నెల శనివారాలు వృద్ధాశ్రమానికి పంపండి. ఇంటికి వచ్చి ఏమి చెబుతున్నదో వినండి. "ఆ జబ్బు ఎందుకు వస్తుంది?" అని పుస్తకాలు తిరగేస్తున్నదా? "ఆ అవ్వ ఈ వారం సరిగా తినలేదు" అంటున్నదా? రెండూ అంటుంటే ఇంకా మంచిది, అప్పుడు తానే ఎంచుకుంటుంది. ఏమీ చెప్పక మొహం తిప్పుకుంటే మార్కులెన్ని ఉన్నా రెండింటికీ పంపకండి. కొడుకులను కూడా ఇలాగే చూడండి. డోలీలు మోసినవారు మన తాతల కాలపు మగవారే.

ఆ అమ్మాయికి ఆ మరుసటి వారమే జవాబు చెప్పాము. "అమ్మా, నర్సు చదువు కష్టమే. సులువని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ చెప్పినవారిలో నేనూ ఉంటే, మరచిపో. కష్టమని తెలిసీ నీకు ఇష్టంగానే ఉంటే ఆ దరఖాస్తు మొదట నింపు, చివర కాదు" అన్నాము. వాళ్ళ నాన్నగారు ఈ సభలో ఉన్నారు. వారిని అడిగే ఈ సంగతి చెబుతున్నాము. వారు ఇంకా అవుననలేదు, కాదనలేదు. దరఖాస్తులకు ఇంకా నెలలు ఉన్నాయి. అయ్యా, మిమ్మల్ని తొందరపెట్టము. అమ్మాయి ఎవరికైనా ఈ సంగతి చెప్పినప్పుడు, "మార్కులు చాలక పోతున్నది" అని మాత్రం మీరు పక్కనుండి అనవద్దు. ఆ ఒక్క మాట వెనక్కు తీసుకుంటే చాలు. మేము మా మాటను ఈ వేదిక మీద వెనక్కు తీసుకున్నాము.